రెండు గంటల రీడింగు

కొత్త ట్రాన్స్‌ఫార్మరును మోసుకొచ్చిన ట్రైలరు సబ్‌స్టేషను గేటులో ఒక పట్టాన పట్టలేదు. ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు ఊగిసలాడి, గేటు స్తంభాన్ని కాస్త వంచి, డ్రైవరు చేత నానా తిట్లూ తిట్టించి, చివరికి లోపలికి వచ్చింది. అప్పటికే కింది బస్తీ జనం సగం మంది కంచె బయట చేరారు. పిల్లల్ని భుజాలకెత్తుకుని మరీ వచ్చారు. ఎనిమిదేళ్లుగా ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు లేకుండా ఉడికిపోతున్నవాళ్లు మరి, ఆ బూడిద రంగు ఇనుప పెట్టెను కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు.

"మనదేనంటావా?" అని ఎవరో అడిగారు.

"మనది కాకపోతే ఇక్కడెందుకు దించుతారయ్యా!"

కంట్రోలు రూము కిటికీలోంచి ఆ మాటలు విని ఆపరేటరు తనలో తను నవ్వుకుంది. బస్తీలో ఆవిడ పేరు కోతలక్క. కరెంటు కోత ఆవిడ చేతిలో ఉంది కాబట్టి ఆ పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, బస్తీలోనే బట్టలు కుట్టే షెడ్డు నడిపే సొంత తమ్ముడు కూడా చాటున అలాగే అంటాడని ఆమెకు తెలుసు. కొత్తది బిగిస్తే కోత ఉండదు, కోత లేకపోతే ఆ పేరూ ఉండదు. ఆ ఉత్సాహంతోనే చీర కొంగు దోపుకుని పక్క గదిలోకి వెళ్లింది.

ఇంజనీరు కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు.

"ఎప్పుడు బిగిస్తారు సార్, మూడో ఫీడరుకి?" అని అడిగింది. మూడో ఫీడరంటే కింది బస్తీకి కరెంటు తీసుకెళ్లే లైను.

ఇంజనీరు తలెత్తలేదు. "ఇది మూడో ఫీడరుకి కాదమ్మా. బైపాసు రోడ్డు మీద అద్దాల భవనం కడుతున్నారు చూడండి, కంప్యూటర్లు పెట్టే గోదాము. దానికి."

"దానికింకా తలుపులే పెట్టలేదు కదా సార్!"

"తలుపులు పెట్టాక ఎంత కరెంటు కావాలో దరఖాస్తులో రాసిచ్చారు."

"వాళ్లకు ఎప్పుడో కావాలి. బస్తీకి ఇవాళ కావాలి."

ఇంజనీరు మంచివాడే. చెడ్డవాడైతే పోట్లాడటం సులువయ్యేది. అతను నిట్టూర్చి కంప్యూటరు తెరను ఆమె వైపు తిప్పాడు. అంకెలు వరసలు వరసలుగా ఉన్నాయి. "ఇది మీ మూడో ఫీడరు. మూడేళ్ల రీడింగులు. ఒంటిగంటకి నూట ఎనభై, నూట ఎనభై అయిదు ఆంపియర్లు. రెండింటికి నిల్లు. మూడింటికి నిల్లు. నాలుగింటికి మళ్లీ నూట డెబ్భై. పాత ట్రాన్స్‌ఫార్మరు రెండొందలు మోస్తుంది. మూడేళ్లలో ఒక్కసారన్నా రెండొందలు దాటిందా? దాటలేదు. గిరాకీ పెరగలేదు కదయ్యా అని పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను?"

"రెండింటికీ మూడింటికీ నిల్లు ఎందుకుంది సార్? మనం తీసేస్తున్నాం కాబట్టి. తీయకపోతే ఎంత పెరిగేదో..."

"ఎంత పెరిగేదో ఎక్కడ రాశారు?"

"దానికి షీటులో గడి లేదు."

"అదే కదా!" ఇంజనీరు గొంతు తగ్గించాడు. "ఈ అంకెలు నేను వేసినవి కావమ్మా. మీరు రాసినవే."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. లాగ్ షీట్లంటే ఆమెకు ప్రాణం. గంట కొట్టగానే లేచి ఒక్కో ఫీడరు మీటరు ముల్లు చూసి, గుండ్రటి అంకెల్లో రాస్తుంది. కొట్టివేత ఉండదు, దిద్దుబాటు ఉండదు. తనిఖీకి వచ్చినవాళ్లు వేరే సబ్‌స్టేషన్ల వాళ్లకి చూపించి మరీ మెచ్చుకున్న షీట్లవి. ఇక ఆ పాత ట్రాన్స్‌ఫార్మరును పసిబిడ్డను సాకినట్టు సాకింది. అది కాలిపోతే బస్తీ ఇరవై రోజులు చీకట్లో ఉంటుందని, ఎండాకాలమంతా రోజూ రెండు కాకముందే పావుగంట ఉందనగా తన చేత్తోనే హ్యాండిలు తిప్పి లైను తీస్తుంది. ఆ తీసినందుకు తిట్లు పడింది, పేరు పడింది. ఇప్పుడు చూస్తే ఆ జాగ్రత్తే బస్తీ నోట్లో మట్టి కొట్టింది.

"గురువారం సాయంత్రం నేను వివరాలు పంపాలి, అవి చూశాకే పైవాళ్లు ఇది ఎవరికో ఖాయం చేస్తారు," అన్నాడు ఇంజనీరు. "కళ్లతో చూసింది పంపడానికి నా దగ్గర ఫారం లేదు. కాగితం మీద ఉన్నదే పంపగలను."

"గురువారంలోగా రెండొందలు దాటిన రీడింగు ఉంటే?"

"ఉంటే పెడతాను. కానీ లేని అంకె రాయకండి. మీటరు కూడా అంకెలు దాచుకుంటుంది, దొరికిపోతారు."

"నేను లేని అంకె ఏనాడూ రాయలేదు సార్," అంది ఆమె. ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. బయట ట్రైలరు చుట్టూ జనం ఇంకా అలాగే ఉన్నారు. వాళ్లకు చెప్పే ధైర్యం లేక, షిఫ్టు అయ్యాక వెనక గేటు నుంచి ఇంటికి వెళ్లిపోయింది.

మంగళవారం ఆమె ఒక్క పనే పెట్టుకుంది. ఏ పనీ చేయకపోవడం. ప్యానెలు ముందు కుర్చీ లాక్కుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, మూడో ఫీడరు ముల్లు మీద చూపు నిలిపి కూచుంది. భయం లేకపోలేదు. అయితే రిలే అనే పెట్టె ఒకటుంది. మనిషి ఏమరుపాటుగా ఉన్నా, లోడు రెండొందల అరవై దాటితే అదే లైను తెంచేస్తుంది. దాని మీద నమ్మకం పెట్టుకుంది. ఒకటీ ఇరవైకి నూట ఎనభై ఆరు. ఒకటిన్నరకి నూట ఎనభై ఎనిమిది. ఇక చూడండి అనుకుంది, పైవాళ్లనందరినీ ఎదురుగా నిలబెట్టుకున్నట్టు.

ఒకటీ ముప్ఫై అయిదుకి ముల్లు దిగడం మొదలుపెట్టింది.

నూట డెబ్భై. నూట యాభై. నూట ఇరవై ఎనిమిది. ఆమె లేచి వేలి కణుపుతో మీటరు అద్దం మీద టకటకా కొట్టింది. ముల్లు అదిరి మళ్లీ అక్కడే నిలబడింది. మీటరు చెడిందేమోనని పక్క ఫీడర్లు చూసింది, అవి బాగానే ఉన్నాయి. యార్డులోకి పరుగెత్తి పాత ట్రాన్స్‌ఫార్మరు దగ్గర చెవి పెట్టి విన్నది. అది మధ్యాహ్నం కునుకు తీస్తున్న ముసలమ్మలా హాయిగా గుర్రు పెడుతోంది. రెండు కొట్టింది. కళ్లముందున్న అంకెను రాయక తప్పలేదు. నూట పందొమ్మిది.

ఇంజనీరు అటుగా వెళ్తూ షీటు చూసి తన గదిలోకి వెళ్లిపోయాడు. అంటే నిజంగానే బస్తీకి గిరాకీ లేదా? ఎనిమిదేళ్లుగా తను తిప్పిన హ్యాండిలు వట్టిదేనా? షిఫ్టు దిగగానే సరాసరి తమ్ముడి షెడ్డుకి నడిచింది.

రేకుల షెడ్డులో పన్నెండు కుట్టు మిషన్లు ఒకేసారి మోగుతున్నాయి. పన్నెండుమంది ఆడవాళ్లు తలలు వంచుకుని చొక్కా కాలర్లు కుడుతున్నారు. మరదలు బల్ల దగ్గర కాలర్లను కట్టలు కడుతోంది. తమ్ముడు గుమ్మంలో ఫోనులో ఎవరితోనో బతిమాలుతున్నట్టు మాట్లాడి పెట్టేశాడు.

"వచ్చావా అక్కా, మంచి వేళకొచ్చావు," అన్నాడు. "కొనేవాళ్లు తేల్చేశారు. రోజంతా కరెంటున్న చోటికి మారితేనే ఆర్డర్లిస్తారట. శుక్రవారం బైపాసు రోడ్డులో షెడ్డు చూసి మాటిచ్చేస్తాను."

"అక్కడ నాలుగు మిషన్లకే చోటట," అంది మరదలు కట్ట బిగిస్తూ. "మిగతా ఎనిమిదిమందికీ ఏం చెప్పాలో నీ తమ్ముడే చెప్పాలి. నేను చెప్పను."

మిషన్లు ఆగలేదు గానీ కుట్టేవాళ్ల మెడలు బిగుసుకున్నాయి. అందరికీ వినిపించింది.

"అది సరే," అంది అక్క, కుర్చీలో కూలబడి. "ఇవాళ మధ్యాహ్నం మీరు మిషన్లు నడపలేదా?"

"మధ్యాహ్నం ఎలా నడుపుతాం? కరెంటుండదు కదా."

"ఇవాళ ఉంది. నేను తీయలేదు."

మరదలు కట్ట వదిలేసి చూసింది. "తీయలేదా? మాకేం తెలుసు? ఒకటిన్నర దాటగానే మెయిను ఆపేస్తాం."

"ఎందుకాపేస్తారే?"

"ఎందుకేంటి వదినా! నువ్వు తీసేస్తావని! నువ్వు తీసేదాకా కుడుతూ కూచుంటే కుట్టు మధ్యలో ఆగిపోతుంది. కాలరు మీద కుట్టు ఆగిందా, అతుకు కనిపిస్తుంది, ముక్క వాపసు వచ్చేస్తుంది. మళ్లీ కరెంటొచ్చేటప్పుడేమో ఎగిరిపడుతూ వస్తుంది, మోటార్లు పోతాయి. అందుకని కాస్త ముందే మేమే తీసేసుకుంటాం. మేమే కాదు, వెల్డింగు షాపులు, పిండి మరలు, ఇళ్లు, బస్తీ అంతా అంతే. ఎప్పటినుంచో అలవాటు."

ఆపరేటరు ఎనిమిదేళ్లనూ వెనక్కి లెక్కేసుకుంది. మొదటి రెండేళ్లూ తను ముల్లు చూసే లైను తీసింది. ముల్లు రెండొందల మీదికి ఎక్కడం ఈ కళ్లతోనే చూసింది. తర్వాత రోజూ అదే వేళ అవుతోంది కదా అని ముల్లు చూడటం మానేసి గడియారం చూసి తీయడం మొదలుపెట్టింది. ఇక్కడ వీళ్లేమో ఆ గడియారాన్ని మించి ముందే ఆపేసుకుంటున్నారు. తను తీస్తుందని వాళ్లు ఆపేశారు. వాళ్లు ఆపేశారని తెలియక తను తీస్తూ పోయింది. దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పేసింది, కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఎటు పోతోందో కూడా.

తమ్ముడి ముఖం ఎర్రబడింది. "అంటే ఇన్నేళ్లూ ఖాళీ లైను కోస్తున్నావా అక్కా? ఎవరూ వాడని కరెంటును తీసి, లేదని రాసుకుంటున్నావా? అది చూసి మాకు అక్కర్లేదని వాళ్లు తేల్చేశారా?"

"అవును," అంది ఆమె.

మరదలికి ముందు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయి కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడేం చేద్దాం వదినా?"

"గురువారం రెండింటిదాకా ఎవరూ ఏదీ ఆపకూడదు. ఉన్నవన్నీ వేయాలి."

"నువ్వు తీయవు కదా?"

"నేను తీయను. కానీ లైను దానంతటదే పడిపోతుంది."

"అంటే కుట్టు మధ్యలో."

"మధ్యలోనే. ఎప్పుడు పడిపోతుందో నాకూ తెలియదు. పడిపోయేంత వాడితేనే మీరున్నారని వాళ్లకి తెలిసేది."

షెడ్డులో ఒక్కొక్క మిషనే ఆగింది. పన్నెండుమందీ తలలెత్తి చూస్తున్నారు. వీళ్లలో ఒక్కొక్కరిదీ ఒక్కో సందు, మాట అన్ని సందులకీ చేరుతుంది.

బుధవారం ఆమెకు వారపు సెలవు. ఆ రోజు సబ్‌స్టేషనులో వేరే ఆపరేటరు ఎప్పటిలాగే వేళకి లైను తీశాడు. ఆమె మరదల్ని వెంటబెట్టుకుని బస్తీలో గుమ్మం గుమ్మం తిరిగింది. వెల్డింగు షాపువాళ్లు ఆమెను చూడగానే, "కోతలక్కొచ్చింది, ఫోన్లు చార్జింగులో పెట్టుకోండ్రోయ్!" అని అరిచారు. విషయం చెబితే సగంమంది నవ్వారు. ఒక పెద్దావిడ మాత్రం తలుపు సగమే తీసి, "పోయినేడు మైకు పట్టుకుని పొదుపుగా వాడండి, పొదుపుగా వాడండి అని తిరిగింది నువ్వు కాదూ?" అని అడిగింది. కాదనడానికి లేదు, తనే. ఆ మైకు మాటలు ఆమె చెవుల్లో ఇంకా ఉన్నాయి. పొదుపు చేసినందుకు బహుమానం ఇదన్నమాట అనుకుంది.

అసలు ఆమె లెక్కంతా ఐసు ఫ్యాక్టరీ మీద ఉంది. కుట్టు మిషన్లు ఎన్ని తిరిగినా ముల్లు కదలదు, ఐసు ఫ్యాక్టరీ తలుచుకుంటే కదులుతుంది. దాని యజమానిని బస్తీ అంతా ఐసు మావయ్య అంటుంది. ఆయన ఆమె చెప్పింది పూర్తిగా విని, లోపలికి తీసుకెళ్లి, దుప్పటి కప్పి ఉన్న కంప్రెసరును చూపించాడు.

"ఇది నాలుగేళ్లుగా ఇలాగే పడుకునుంది. మధ్యాహ్నం కరెంటు లేని చోట రెండోది ఎందుకు తిప్పాలి? మా ఆవిడ దీని మీద బట్టలు మడత పెడుతుంది."

"రేపొక్కరోజు తిప్పండి మావయ్యా."

"తిప్పుతాను. మధ్యలో పడిపోతే ఇది కాలిపోతుంది. నువ్వు పూచీ పడతావా?"

పడతాననడానికి ఆమె దగ్గరేముంది?

"పడలేను," అంది చివరికి. "కాలిపోయినా కాలిపోవచ్చు."

ఐసు మావయ్య తల పంకించి, "చూద్దాంలే," అన్నాడు. ఆ చూద్దాంలేకి అర్థం లేదనే అనుకుంది. మరదలు దారి పొడుగునా తనను ఓదార్చబోతే, ఆమె చిరాకుగా, "నన్నొదిలెయ్యవే కాసేపు," అనేసింది.

గురువారం ఒకటిన్నరకి ముల్లు నూట ఎనభై తొమ్మిది దగ్గరుంది. మంగళవారం కూడా ఇంతే. ఒకటీ ముప్ఫై అయిదుకి కాస్త అదిరి నూట ఎనభై మూడుకి దిగింది. అయిపోయిందనుకుంది. వాళ్లని ఒక్క మాట అనడానికి లేదు. ఎనిమిదేళ్ల అలవాటును ఒక్క రోజు తిరిగి మార్చగలననుకోవడం తన తెలివితక్కువతనం.

ముల్లు అక్కడే ఆగింది. తర్వాత నూట తొంభై. ఆపైన ఒక్కొక్క గీతే, ఎవరో ఇంట్లోంచి ఇంట్లోకి వెళ్లి ఒక్కొక్క స్విచ్చే వేస్తున్నట్టు ఎక్కడం మొదలుపెట్టింది. రెండొందలు దాటింది. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. రెండొందల పన్నెండు దగ్గర ఒక్క ఉదుటున ఇరవై ఎగిరింది. ఇంత ఎగరాలంటే పెద్ద మోటారు ఏదో మొదలవ్వాలి. ఐసు మావయ్య దుప్పటి తీసేశాడు!

చెయ్యి దానంతటదే హ్యాండిలు మీదికి వెళ్లింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని వెనక్కి లాక్కుంది. కిటికీ అవతల యార్డులో పాత ట్రాన్స్‌ఫార్మరు గుర్రు మానేసి మూలుగుతోంది. దాని నూనె వేడి ఎనభై నాలుగుకి చేరింది, తొంభై దాటితే కాలిపోతుంది. ఇంకా ఆరు డిగ్రీలు ఓర్చుకోవే తల్లీ అని దాన్ని పైకే బతిమాలింది.

ఫోను మోగింది. పైనుంచి, అన్ని సబ్‌స్టేషన్లనూ చూసే కంట్రోలు నుంచి. ఇన్నేళ్లలో మూడో ఫీడరు గురించి అక్కడినుంచి ఫోను రావడం ఇదే మొదటిసారి.

"ఏంటమ్మా, మూడో ఫీడరు రెండొందల నలభై చూపిస్తోంది! నిద్రపోతున్నారా? వెంటనే తీసెయ్యండి!"

గోడ గడియారంలో రెండుకి ఇంకా ఆరు నిమిషాలుంది.

"గంట రీడింగు రాసి తీస్తాను సార్."

"రీడింగు తర్వాత, ముందు తీయండి!"

"రీడింగు రాయకుండా తీయకూడదు సార్, రూలు," అని పెట్టేసింది. అలాంటి రూలు ఏదీ లేదు. ఉండాల్సింది. మళ్లీ మోగిన ఫోనును మోగనిచ్చింది.

రెండు కొట్టింది. ఆమె కళ్లు చిట్లించి ముల్లు చూసింది. ఒకటికి రెండుసార్లు చూసింది. ఇన్నాళ్లూ నిల్లు అని రాసిన గడిలో, ఎప్పటి గుండ్రటి చేతిరాతతోనే రెండొందల యాభై ఎనిమిది అని రాసింది. చివరి ఎనిమిది కొంచెం వంకర పోయింది. కలం కింద పెట్టి హ్యాండిలు వైపు తిరిగేలోపే ఠప్పున రిలే తెంచేసింది. హారను చెవులు చిల్లులు పడేలా మోగింది. ముల్లు సున్నాకి పడిపోయింది. కాలలేదు. పాతది కాలలేదు.

ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. హారను ఆపి, ముందు యార్డులోకి చూసి, తర్వాత షీటు చూసి, ఆ గడి మీద వేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. లోపల ఏదో లెక్క వేసుకుంటున్నాడు.

"మీకు మెమో ఇవ్వాలి," అన్నాడు.

"ఇవ్వండి."

"ఒక్క రోజుదైతే ప్రమాదం అంటారు, తోసేస్తారు. మూడు రోజులు వరసగా ఉంటే ఏమీ అనలేరు." గొంతు సవరించుకున్నాడు. "వివరాలు శనివారం సాయంత్రం దాకా పంపకుండా ఆపగలను. అంతకుమించి నా వల్ల కాదు." అని, మెమో ఫారం వెతుక్కుంటూ తన గదిలోకి వెళ్లిపోయాడు. మూడు రోజులట! ఈ ఒక్కరోజుకే తన ప్రాణం సగం పోయింది. అద్దాల భవనం వాళ్లకు ఒక్క దరఖాస్తు సరిపోయింది, బస్తీ మాత్రం మూడుసార్లు కూలిపడి చూపించాలి.

మరదలి ఫోను. ఎత్తింది.

"వదినా, తొమ్మిది కాలర్లు పోయాయి. రెండు సూదులు విరిగాయి. నీ తమ్ముడు అరుస్తున్నాడు, వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"ఐసు మావయ్య మోటారులోంచి పొగలొచ్చాయట. కాలిందో లేదో ఇంకా చూడలేదు. సరే అది కాదు. ఎంత రాశావు?"

"రెండొందల యాభై ఎనిమిది."

మరదలు ఆ అంకెను షెడ్డులోకి కేకేసి చెప్పింది. ఎవరో గుమ్మంలోంచి సందులోకి అరిచారు. సందులో ఇంకెవరో అందుకున్నారు. రెండొందల యాభై ఎనిమిది, రెండొందల యాభై ఎనిమిది అంటూ ఆ అంకె దూరంగా వెళ్లిపోవడం ఆమెకు ఫోనులో వినిపించింది. ఇన్నేళ్లలో ఆమె రాసిన అంకెను బస్తీలో ఎవరైనా అడగడం ఇదే మొదలు.

"చాలా వదినా అది?"

అబద్ధం చెప్పాలనిపించింది. "చాలదే. ఇంకా రెండు రోజులు ఇలాగే పడిపోవాలట."

అటువైపు తమ్ముడి అరుపులు ఆగిపోయాయి. ఇక ఫోను పెట్టేస్తుందనుకుంది.

"రేపు కాలర్లు పెట్టం," అంది మరదలు నెమ్మదిగా, ఆలోచించుకుంటూ. "కాలర్లు పెడితే అన్నీ పాడవుతాయి. పాత గుడ్డలుంటే కుడతాం. లేకపోతే ఉత్తినే తిప్పుతాం. మిషను తిరిగితే చాలుగా నీకు?"

"చాలు," అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగి షీటు మసకబారింది. మూడింటి గడిలో రాయాల్సిన నిల్లు ఇంకా రాయనే లేదు.